సన్నగీతకు గంజి

వెనకవీధి దినచర్య, నమోదు 1

గాలి: పరవాలేదు. మినుకు: పరవాలేదు. రాసేవారు: వత్సల, విశ్రాంత ప్రధానోపాధ్యాయిని. పరవాలేదు.

ఇంతకు ముందు ఈ దినచర్య రాసినాయన చూపు మందగించిందని తప్పుకున్నాడు. గాలి వాసన ఎలా ఉంది, గోడమీద మినుకు పాచి ఎలా వెలుగుతోంది రాసి మండలికి పంపాలి. కొత్త సంగతులుంటే క్లుప్తంగా చేర్చవచ్చునని నియమం. ఉద్యోగమంతా పిల్లల వ్యాసాలు దిద్దిన మనిషిని, క్లుప్తత ఎదుటివాళ్ళ నుంచి ఆశించడమే తప్ప నాకు అలవాటు లేదు. మండలిలో దీన్ని చదివే గుమస్తా ఎవరో గాని, ఓపిక పట్టు నాయనా. జీతం తీసుకుంటున్నావు.

కొత్త సంగతి: ఈ రోజు మా అక్షరాలు గీకేశారు.

పొద్దున గంజి గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. నా అక్షరం లేదు. పైన ఎండ తట్టుకోలేక జనం ఈ పాత గనిలోకి దిగిన కొత్తలో, మా ఆయన ముత్తాత చీకట్లో తడిమట్టి మీద వేలితో గీసిన అక్షరం అది. ఆ వేలి గాడిలో మినుకు నాటాడు. అప్పటినుంచి రోజుకో గిన్నె గంజి తాగి, పచ్చగా వెలుగుతూ, మా గుమ్మానికి దీపమై ఉంది. ఇప్పుడు బోడిగోడ. చేతిలో గిన్నె. గంజి నేనే తాగాను. ఉప్పు తక్కువైంది.

గీకించినది మందాకిని. రూపశాఖ అధికారి, నా పాత విద్యార్థిని. మూడో తరగతిలో 'ఋ' రాయమంటే ఏడ్చేది. ఇప్పుడు మిగతా వాళ్ళను ఏడిపిస్తోంది.

"టీచర్, ఇకమీదట ఊరంతా ఒకే అక్షరం," అంది. వెనక ఇద్దరు మనుషులు రేకు అచ్చులు మోస్తున్నారు. "కొండనగరాల నుంచి అతిథులు వస్తున్నారు. కిందూరు అంటే వాళ్ళ కళ్ళముందు ఒక రూపం మెదలాలి. ఈ వేలి గీతలు చూస్తే గుహల్లో బతుకుతున్నాం అనుకుంటారు."

"మనం ఉన్నది గనిలో, అమ్మా."

"అదే వాళ్ళకు తెలియకూడదు టీచర్. ఈ అక్షరం పేరు తన్వి."

తన్వి అంటే సన్నని ఒళ్ళున్న స్త్రీ. ఆ మాట నాకు వర్తించే రోజుల్లో మందాకిని ఇంకా పుట్టలేదు, మా ఆయనకు జుట్టు ఉండేది.

నమోదు 2

గాలి: చెమ్మ. మినుకు: కొత్తగా నాటారు, పట్టుకుంటోంది.

కొత్త అక్షరాలను ముందువీధి గోడ మీద మనిషెత్తున తొలిచారు. ఆ చివరినుంచి ఈ చివరికి ఒక స్వాగత వాక్యం. ముందువీధి గదులకూ మా గదులకూ మధ్య ఒకటే గోడ, అందువల్ల మా వెనకవీధికి దక్కినవి అక్షరాల వీపులు. ఒక్కో అక్షరాన్ని రెండు ఇళ్ళకు పంచారు. లావుగీతలకు మేము వెనకనుంచి, గోడకు తొలిచిన కన్నంలోంచి, గంజి పొయ్యాలి. సన్నగీతలకు ముందువీధి వాళ్ళు ముందునుంచి పొయ్యాలి. నా వాటాకు 'గ' వచ్చింది. దాని లావు కమాను నాది. తలకట్టూ, కమాను కాళ్ళకింది సన్నని పాదాలూ అవతలి గదివి.

మోకాళ్ళను తిట్టుకుంటూ ముందువీధికి వెళ్ళి చూశాను. దినచర్యలో అబద్ధం రాయకూడదు గనక రాస్తున్నాను: అందంగా ఉంది. కమాను సన్నగా మొదలై ఎక్కుతూ ఎక్కుతూ నిండుతుంది, భుజం దగ్గర అరచేయంత వెడల్పవుతుంది, మళ్ళీ తగ్గుతూ దిగి సూదితో గీసినట్టున్న పాదం మీద నిలబడుతుంది. తలకట్టు ఇంకా నాజూకు. ఒక్క విసురున లేచిన వెంట్రుక. లావుకూ సన్నానికీ మధ్య గోరంత ఎడం వదిలారు, ఊపిరి పీల్చుకుంటున్నట్టు కనిపించాలని. అత్తరు సీసా మీదో, శుభలేఖ మీదో, నగల దుకాణం పలక మీదో ఈ అక్షరం కనిపిస్తే నేనైనా ఆగి చూస్తాను.

కాని అత్తరు సీసాకు రోజూ గంజి పొయ్యక్కర్లేదు.

అవతలి గది మణెమ్మది. మణెమ్మ నా తోడికోడలు, మా బావగారి భార్య. అన్నదమ్ములిద్దరూ పోయారు, మమ్మల్ని ఒకళ్ళకొకళ్ళని వదిలేసి. గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని ఉంది.

"ఏందే వత్సలా, తొవ్వ తప్పొచ్చినవా?"

"నీ అక్షరం చూద్దామని, అక్కా."

"నాకేడిదే అచ్చరం? తలకాయంత నీకు వోయింది. ఎంటిక నాకొచ్చింది."

ఈ రెండు ముక్కలకే ఆమెకు ఆయాసం వచ్చింది. దమ్ము ఆమెకు చిన్నప్పటి జబ్బు. ముందువీధిలో లిఫ్టు గొట్టం నుంచి పొడిగాలి దిగుతుంది గనక బతికి, నన్ను తిడుతోంది.

మా మధ్య పంచాయితీ నా పెళ్ళినాటిది. మా ఊళ్ళో పెళ్ళంటే మినుకు కలపడం. పెళ్ళికూతురు పుట్టింటి అక్షరంనుంచి కాస్త మినుకు వేలికి తీసుకుని, మగపిల్లాడి ఇంటి అక్షరం దాకా గోడ మీద గాడి గీస్తుంది. రెండూ కలుస్తాయి. ఇక ఒకటే పొయ్యి, ఒకటే గది. గీసినమ్మాయి గీయించుకున్నవాళ్ళ ఇంటికి వెళ్ళాలి. అంత గొప్ప ఘడియలో, ఊరంతా చూస్తుండగా, మణెమ్మ నా వేలు వాసన చూసి "మురుగు కంపు" అంది. అప్పటినుంచి నేనామెను క్షమించే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

నమోదు 3

గాలి: చెమ్మ. మినుకు: లావుగీతల్లో బాగుంది. సన్నగీతల్లో లేదు.

మినుకు ప్రాణమున్నది. దానికి లోతు కావాలి, తడి కావాలి, పక్కన ఇంకాస్త మినుకు కావాలి. వేలి వెడల్పు గాడిలో తరాలపాటు సుఖంగా బతికింది. వెంట్రుక గాడిలో పోసిన గంజి మధ్యాహ్నానికే ఎండిపోతోంది. నా కమాను చూస్తే బలిసి పచ్చగా మండుతోంది. దాని తలకట్టు మాత్రం రోగిష్ఠి రంగుకు వచ్చింది. ముందువీధి అంతా ఇదే కథ.

గుమస్తా నాయనా, నీకు తెలియదేమో గాని ఊళ్ళో ఒక పాత నియమముంది. మినుకు ఆరిన గదిని ఖాళీ గదిగా లెక్కకట్టి, అందులోవాళ్ళను దిగువ చావడికి మార్చాలి. విషవాయువు వచ్చే రోజుల్లో మనుషులకంటే ముందు మినుకు ఆరిపోయేది. అందుకని పెట్టారు, ప్రాణాలు కాపాడటానికి. ఇప్పుడు మినుకు ఆరేది గాలివల్ల కాదు, మందాకిని అభిరుచివల్ల. నియమానికి ఆ తేడా తెలియదు. దిగువ చావడి గాలిలో తడిబొగ్గు వాసన. అక్కడ దమ్ము మనిషి ఎన్నాళ్ళుంటుందో నేను రాయను.

గోడకున్న కన్నంలోంచి మణెమ్మ గొంతు వినిపించింది.

"వత్సలా! ఇంటున్నవా? నా తలకట్టు సస్తున్నదే."

"గంజి పోశావా?"

"పోసిన. నెత్తిన వోసిన, కాళ్ళకు వోసిన. తాగుతలేదు. గంటె పట్టుకోని దాని నోరు యాడుందో ఎతుకుతున్న."

"పల్చగా పొయ్యి అక్కా. చిక్కనిది పోస్తే గాడి పూడిపోతుంది."

"నీ ఇస్కూలు ముచ్చట్లు నాకు జెప్పకు. మన్షి సిక్కిపోతే పల్సటిది పెడ్తరా?"

నమోదు 4

గాలి: బాగుంది. మినుకు: చూడండి నమోదు 3. రాయడానికి కోపం తప్ప వేరే ఏమీ లేదు, దానికి గడి పెట్టలేదు.

నమోదు 5

గాలి: పాయసం వాసన.

ముందువీధివాళ్ళంతా కలిసి ఒకే తప్పు చేశారు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు. ఇంటి అక్షరం బిడ్డతో సమానమని కదా మా నమ్మకం, బిడ్డ చిక్కిపోతే ఏం చేస్తారు? బలమైనది పెట్టారు. ఒకళ్ళు గంజిలో బెల్లం కలిపారు. ఒకళ్ళు నెయ్యి వేశారు. మణెమ్మ ఏకంగా పాయసం వండి, గరిటెతో తలకట్టుకు కొసరి కొసరి తినిపించింది. వెంట్రుక గాడులన్నీ పూడుకుపోయాయి. బతికున్న కాస్త మినుకూ ఊపిరాడక చచ్చింది. చీమలొచ్చాయి. చీమలకు మాత్రం తన్వి చాలా నచ్చింది.

సాయంత్రానికి ముందువీధి ఓదెలు చేత ఇల్లు ఖాళీ చేయించారు. పంపు దగ్గర పనిచేసే ఓదెలు, వాడి పెళ్ళాం, కుట్టుమిషను, మంచం, చావడి మెట్లు దిగుతుంటే అందరం చూశాం. దారి కూడా కనిపించలేదు వాళ్ళకు, మినుకు లేక వీధి ఆ మూల చీకటైపోయింది. మిషను తగిలి ఓదెలు మోకాలు చెక్కుకుపోయింది.

"పాయసం నేను జెప్పిన వాళ్ళకు," అంది మణెమ్మ నాతో. చాలా నెమ్మదిగా అంది. ఆమె నెమ్మదిగా మాట్లాడగలదని నాకు ఇన్నేళ్ళలో తెలియదు.

"రేపు నీకు కూడా నోటీసు వస్తుంది, అక్కా."

"అచ్చింది. అతిథులు అచ్చే పొద్దుకు కాలీ జెయ్యాల్నట." ఊపిరి తీసుకుంది. "పోతగని, నువ్వు మాత్రం నన్ను సూడనీకి చావడికి రాకు. నీ మొకం సూసుకుంట సావుడు నాకిష్టం లేదు."

నమోదు 6

గాలి: రూపశాఖ ఆఫీసులో అత్తరు వాసన. మినుకు: ఆఫీసులో విద్యుద్దీపాలున్నాయి.

మందాకిని నన్ను కూర్చోబెట్టింది. నిజమైన టీ ఇచ్చింది. పిల్లకు మర్యాద నేనే నేర్పాను, తప్పు నాదే.

"సన్నగీతను వేలెడు వెడల్పు చెయ్యి," అన్నాను.

"అప్పుడది తన్వి కాదు టీచర్. లావుపక్కన సన్నం ఉంటేనే కన్ను నిలుస్తుంది. అందమంతా ఆ తేడాలోనే ఉంది."

"ఆ తేడాలో మనుషులున్నారు."

"పెద్ద అక్షరంగా, దూరంనుంచి, ఒక్క చూపు చూడటానికి గీసిన రూపమిది. రోజూ చూసేవాళ్ళకోసం కాదు."

"మేం చూడటమే కాదు, దానికింద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తాం."

నవ్వింది. నవ్వు కూడా తన్విలాగే ఉంది, మధ్యలో నిండుగా, కొసల్లో ఏమీ లేకుండా.

"సరే, దాచేదేముంది. ముందువీధి మండలికి కావాలి, అతిథి గదులకోసం. పొడిగాలి, లిఫ్టు పక్కనే. ఊరికే ఖాళీ చెయ్యమంటే గొడవ చేస్తారు. నియమం ప్రకారం ఖాళీ అయితే ఎవరూ ఏమీ అనలేరు."

"అయితే నువ్వు అక్షరం గీయలేదు. కత్తి గీశావు."

"మీ గది పోదు కదా టీచర్! మీకు కావాలనే లావుగీత ఇచ్చాను." గొంతు తగ్గించింది. "గాడి వెడల్పు చేద్దామని ఎవరైనా ఉలి పట్టుకుంటే, రూపం చెడగొట్టినందుకు వాళ్ళ గది కూడా రద్దు. దయచేసి మీరు పట్టుకోకండి."

నా టీ సగంలో వదిలేసి వచ్చాను. మంచి టీ. ఇప్పటికీ బాధగా ఉంది.

నమోదు 7

గాలి: బాగుంది. మినుకు: కింద చూడండి.

నేను ఉలి పట్టుకోలేదు. వేలు పట్టుకెళ్ళాను.

ముందు నా గది గురించి ఒక మాట రాయాలి, ఎందుకు రాస్తున్నానో తరవాత తెలుస్తుంది. వెనకవీధిలో ఇంతకంటే మంచి గది లేదు. పంపు గొట్టం గోడలోంచి పోతుంది, గోడ ఎప్పుడూ వెచ్చన. దానికి మోకాళ్ళు ఆనించుకుని కూర్చుంటే స్వర్గం. పంపు రోజంతా హోరుమంటుంది, కాని నా గురించి ఏ అభిప్రాయమూ చెప్పదు.

ముందువీధి వాళ్ళందరినీ మణెమ్మ గుమ్మం ముందుకు రమ్మన్నాను. ఓదెలు చావడినుంచి కుంటుతూ వచ్చాడు. మినుకు కలపడానికి ఊరి సాక్ష్యం కావాలి.

"ఎవలి పెండ్లి?" అంది మణెమ్మ.

"మనదే."

ఓదెలు పెళ్ళాం కొంగు నోట్లో కుక్కుకుంది.

"నీకు మతి వోయింది," అంది మణెమ్మ. "ముసల్దానివైనంక మొగడు దొర్కక నన్ను జేస్కుంటవా?"

"దొరికినవాళ్ళలో నువ్వే నయం. విను, అక్కా. నా కమానుకూ నీ తలకట్టుకూ మధ్య గోరంత ఎడముంది. అది కలిపితే నేను పోసే గంజి నీ గీతలోకి పారుతుంది. కలిపిన మినుకును బతికుండగా విడదీసే హక్కు మండలికి కూడా లేదు. ఇంతవరకూ పెళ్ళికూతుళ్ళే గీశారు. పెళ్ళికూతురే గియ్యాలని ఎక్కడా లేదు, పిల్లను పెంచుకున్నప్పుడు కూడా గీస్తారు."

ఆమెకు అర్థమైంది. మణెమ్మ చదువుకోలేదు గాని తెలివితక్కువది కాదు, ఆ రెండోదే అయితే నా జీవితం సుఖంగా ఉండేది. పాయసం అంటిన గాడిని చీరచెంగుతో శుభ్రంగా తుడిచింది. తరవాత తన వేలు ముందుకు చాపింది.

"నేను గీస్త, జరుగు. పెద్దదాన్ని."

ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచి ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. ఎముకలు.

"నువ్వు గీస్తే నువ్వు నా గదికి రావాలి. నీ గది మందాకినికి పోతుంది. ఆ చెమ్మలో, ఈ దమ్ముతో, నువ్వు నెలైనా బతకవు."

"నువ్వు గీస్తే?"

"నేను నీ గదికి వస్తాను."

"నీ ఎచ్చటి గోడ ఇడ్సిపెట్టి?"

కమాను భుజం దగ్గర వేలు ముంచి, మినుకు తీసి, ఆ గోరంత ఎడం మీద గీశాను. తడిమట్టి మెత్తగా దారి ఇచ్చింది. పాదాల దగ్గర కూడా కలపాలి గదా, వంగాను. వంగినదాన్ని లేవలేకపోతే ఓదెలు లేపాడు. మణెమ్మ నా వేలు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గదే కంపు," అంది. కాని వేలు వెంటనే వదల్లేదు.

నమోదు 8

గాలి: పొడిగా, హాయిగా. ఇది ముందువీధి గాలి. మినుకు: కలిసింది.

మందాకిని పరుగున వచ్చింది. అప్పటికి తలకట్టు పచ్చబడింది. మినుకు బాగా పట్టిన చోట గాడి అంచుల మట్టిని తానే తింటుంది; తిని, ఇరుకును వెడల్పు చేసుకుంది. నా కమాను తన బలుపు పంచిపెట్టి కొంచెం చిక్కింది. ఓదెలు వెనకింటి రాజిరెడ్డి తన లావుగీతను ఓదెలు గీతకు కలిపి గీశాడు; ఓదెలు సంసారం చావడినుంచి తిరిగొచ్చింది. ఆ పక్కవాళ్ళు వాళ్ళ వెనకవాళ్ళను బతిమాలారు, తిట్టారు, ఒప్పించారు. బద్ధశత్రువులు కూడా ఒకటయ్యారు. ఒకే గదిలో ఇరుక్కున్నాక శత్రుత్వం ఇంకా పెరిగిందనుకోండి, అది వేరే సంగతి. వీధి పొడుగునా లావూ సన్నం తేడా కరుగుతోంది. అక్షరాలన్నీ మెల్లగా వేలి వెడల్పుకు వస్తున్నాయి.

"రూపం చెడగొట్టారు!"

"ఎవరూ ఉలి పట్టుకోలేదు. మినుకు కలిపాం. కావాలంటే విడదియ్యి, మీ అమ్మానాన్నలు ఒకటైంది కూడా ఇదే నియమంతో."

వెంటనే ఇంకో నియమం పట్టుకుంది. "అయితే ఒకటే గది! ఒకటి ఖాళీ చెయ్యాలి."

"చేశాను. గీసినమ్మాయి గీయించుకున్నవాళ్ళింటికి వెళ్ళాలి. వెనకవీధి గదులన్నీ మీవి. పంపు హోరు, చెమ్మ, మీ అతిథులకు బాగుంటుంది. నా గదికి గోడ వెచ్చన, ఎవరైనా మోకాళ్ళ నొప్పి అతిథి ఉంటే ఇవ్వు."

గోడవైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి. తను గీసిన రూపం అది, ఎన్ని నెలలు కూర్చుందో నాకు తెలుసు. నాకు జాలి కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది.

"నా అక్షరాన్ని చంపేశారు టీచర్."

"బతికింది. బతికినవి ఒళ్ళు చేస్తాయి, అమ్మా."

నమోదు 9

ముందువీధి దినచర్య అని రాయాలి ఇకనుంచి. వెనకవీధిలో దినచర్య రాసేందుకు ఎవరూ మిగల్లేదు, అతిథి గదులు తప్ప.

కొండనగరాల వాళ్ళు వచ్చారు. మేము గుమ్మంలో చింతపండు పిక్కలు తీస్తున్నాం. మా మీద 'గ' నిండుగా వెలుగుతోంది. అతిథుల్లో ఒకావిడ ఆగిపోయి, తలకట్టు నుంచి పాదం దాకా చేత్తో గాలిలో గీస్తూ చూసింది.

"ఎంత బాగుంది! ఈ అక్షరం పేరేమిటి?"

మందాకిని నోరు తెరిచింది. 'తన్వి' అని ఆ ఒళ్ళు చేసిన అక్షరాల కింద నిలబడి ఎలా చెబుతుంది? మూసుకుంది.

"వత్సల," అంది మణెమ్మ, తల ఎత్తకుండా. "మా చెల్లె పేరే వెట్టినం. గిట్లనే ఉంటది, గుండుగ."

అతిథి రాసుకుంది.

రాత్రంతా మణెమ్మ గురక. పంపు ఎంతో మర్యాదస్తురాలని ఇప్పుడు తెలుస్తోంది. పొద్దున గురక ఆగింది. నేను దిగ్గున లేచాను, ఊరికే, నీళ్ళకోసం. కళ్ళు తెరిచే ఉంది.

"ఏందే అట్ల సూస్తున్నవ్? గంజి వెట్టు. ఈసారన్న ఉప్పెయ్యి."

గాలి: బాగుంది. మినుకు: బాగుంది. మణెమ్మ: ఉంది.